కామ్ మార్చేముందు లెక్క చూసుకోండి

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే కడ్డీ, క్లుప్తంగా కామ్) మీద వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. అన్నీ రోజూ రోడ్డెక్కే బళ్ల గురించే. రేసు బళ్ల లెక్క వేరు, దాని జోలికి పోవడం లేదు.

ప్రశ్న: నా దగ్గర 1979 షెవర్లే సి10 పికప్ ఉంది. 350 ఘనపుటంగుళాల ఇంజిన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక ఇరుసు గేరు నిష్పత్తి 3.08. హెడ్లు ఎప్పుడూ విప్పలేదు. రోజూ ఆఫీసుకు దీని మీదే వెళ్తాను. ఐడ్లింగ్‌లో దడదడలాడే 294 డిగ్రీల కామ్ ఒకటి చౌకగా దొరుకుతోంది. వేసుకోమంటారా? దాంతోపాటు ఇంకేం మార్చాలి?
– వి. ఎస్., ఇర్వింగ్, టెక్సస్

జవాబు: ఆ కామ్ వద్దండీ. 294 డిగ్రీలంటే క్రాంక్ తిరుగుడు లెక్కలో వాల్వ్ తెరిచి ఉండే కాలం (డ్యూరేషన్). మీరు ముచ్చటపడుతున్న ఆ దడదడ బలం కాదు, ఇంజిన్ సరిగా మండక తడబడే చప్పుడు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరుచుకుని ఉండే సమయం పెరిగితే, ఐడ్లింగ్‌లో కాలిన పొగ కొంత ఇన్‌టేక్ వైపు వెనక్కి తన్నుతుంది. కొన్ని స్ట్రోకులు మండుతాయి, కొన్ని మండవు. మామూలుగా 18–20 అంగుళాల పాదరసం ఉండే వాక్యూమ్ పది దరిదాపులకు పడిపోతుంది. అప్పుడు బ్రేక్ బూస్టర్‌కు సత్తువ చాలదు, పెడల్ రాయిలా తగులుతుంది.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఇన్‌టేక్ వాల్వ్ మూసుకునేదాకా సిలిండర్‌లో ఒత్తిడి మొదలుకాదు. పిస్టన్ అడుగు తాకి పైకి బయల్దేరాక కూడా ఆ వాల్వ్ కాసేపు తెరిచే ఉంటుంది. అది ఎంత ఆలస్యంగా మూసుకుంటే, తక్కువ ఆర్పీఎంలో అంత గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. మీ ఇంజిన్‌తోనే లెక్క కడదాం. స్ట్రోకు 3.48 అంగుళాలు, కనెక్టింగ్ రాడ్ 5.7 అంగుళాలు, కంప్రెషన్ మహా అయితే 8.5. ఇన్‌టేక్ లోబ్ (వాల్వును తోసే కామ్ ఉబ్బు) నడిమిని 106 డిగ్రీల మీద కూర్చోబెడితే, 262 డిగ్రీల కామ్‌తో వాల్వ్ పిస్టన్ అడుగు దాటిన 57 డిగ్రీలకు మూసుకుంటుంది. అప్పుడు నిజంగా పనిచేసే కంప్రెషన్ 7.2. అదే 294 డిగ్రీల కామ్‌తో 73 డిగ్రీలకు గానీ మూసుకోదు, కంప్రెషన్ 6.4కి దిగిపోతుంది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే బండి ఆలోచించి ఆలోచించి కదులుతుంది.

పైగా మీ ఇరుసు 3.08. 28 అంగుళాల టైరు అనుకుంటే, గంటకు 60 మైళ్ల వేగంలో మీ ఇంజిన్ తిరిగేది 2,200 దగ్గర. ఆ కామ్ నిద్రలేచేది అది దాటాకే. అంటే రోజూ మీరు వాడే ఆర్పీఎం అంతా నష్టపోయి, వాడని చోట లాభం తెచ్చుకుంటారు.

మీకు సరిపోయే కామ్, ట్యాపెట్ (లోబు తోస్తే లేచి వాల్వును కదిలించే ముక్క) 0.050 అంగుళం లేచినప్పటి నుంచి కొలిస్తే ఇన్‌టేక్ 204–210, ఎగ్జాస్ట్ 214 వరకు, లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) 0.420–0.450 అంగుళం, లోబుల మధ్య కోణం 112 ఉండాలి. ఎడెల్‌బ్రాక్ పెర్ఫార్మర్ సరిగ్గా ఈ కోవదే: 204/214, లిఫ్ట్ 0.420/0.442, కోణం 112. డబ్బా మీద మాత్రం 278/288 అని ఉంటుంది, చూసి బెదరకండి. కాంప్ కామ్స్ వాళ్ల 262 డిగ్రీల ఎక్స్‌ట్రీమ్ ఎనర్జీ కామ్ 0.050 దగ్గర 218/224. డబ్బా అంకె చిన్నది, కామ్ పెద్దది! ట్యాపెట్ ఎంత లేచాక కొలత మొదలుపెట్టాలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అందుకే రెండు కంపెనీల కామ్‌లను పోల్చాలంటే 0.050 అంకె తప్ప మరోటి పట్టించుకోకండి. ఆ 218 డిగ్రీలది కూడా మంచిదే, కానీ 3.08 ఇరుసుకు కాదు. ఇరుసు 3.73 చేయించుకున్నాక అడగండి. నిజానికి ఖర్చు ఒక్కదానికే పెట్టగలిగితే ముందు ఆ ఇరుసు పనే చేయించమంటాం. ప్రతి గేరులోనూ లాగుడు 21 శాతం పెరుగుతుంది. 60 మైళ్ల దగ్గర ఇంజిన్ 2,700 తిరుగుతుంది, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది, అంతే.

ఇక సామాను. ట్యాపెట్లు పదహారూ కొత్తవే ఉండాలి, ఇందులో బేరం లేదు. రెండు వరసల టైమింగ్ చెయిన్ సెట్టు. టైమింగ్ కవర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్, వాటర్ పంపు, ఫ్యూయల్ పంపు గాస్కెట్లు. కొత్త వాల్వ్ స్ప్రింగులు పదహారు, వాల్వ్ సీళ్లు. పాత స్ప్రింగు కొత్తగా ఉన్నప్పుడే 1.70 అంగుళాల ఎత్తులో 80 పౌండ్ల వరకు తోసేది, ఇన్నేళ్లకు అదీ మిగిలి ఉండదు. 100–110 పౌండ్ల స్ప్రింగు తీసుకోండి. అంతకంటే గట్టిది వేస్తే ఫ్లాట్ ట్యాపెట్ (అడుగున చక్రం లేకుండా లోబు మీద రాసుకునే రకం) కామ్ లోబులు అరిగిపోతాయి. హెడ్లు దింపకుండానే స్ప్రింగులు మార్చవచ్చు: పిస్టన్ కిందుండగా ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు లోపలికి కుక్కి, క్రాంక్‌ను చేత్తో తిప్పి పిస్టన్‌ను పైకి తెస్తే వాల్వులు కిందికి జారవు. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు పైనుండే రిటైనర్ అడుగుకూ సీలుకూ మధ్య 0.060 అంగుళం మిగలాలి. లిఫ్ట్ 0.450 దాటితే పాత హెడ్ల మీద ఆ సందు అనుమానమే, గైడు పైభాగం కోయించాల్సి రావచ్చు. మీ 0.442కైనా కొలవందే బిగించకండి. గేర్‌బాక్స్ టార్క్ కన్వర్టర్ పాతదే చాలు.

రేడియేటర్ తీస్తే కామ్ ముందుకు వచ్చేస్తుంది. స్ప్రాకెట్ బోల్టు చోట ఒక పొడవాటి బోల్టు బిగించి పిడిలా పట్టుకుంటే బేరింగులు గీసుకోవు. లోబులకూ ట్యాపెట్ల అడుగుకూ కామ్‌తో వచ్చిన నల్లటి పేస్టు, జర్నళ్లకు (బేరింగుల్లో తిరిగే భాగాలకు) నూనె. చాలామంది పొరబడేది ఆ తర్వాతే. రెండు స్ప్రాకెట్ల చుక్కలు ఎదురెదురుగా వచ్చినప్పుడు మండే స్థితిలో ఉండేది ఆరో సిలిండర్, ఒకటోది కాదు. ఇది తెలియక డిస్ట్రిబ్యూటర్‌ను ఒకటో సిలిండర్‌కు పెడితే ఇంజిన్ అందుకోదు, ఊరికే సెల్ఫ్ కొడుతూ ఉంటారు. ఆ పది నిమిషాల్లో పేస్టంతా తుడుచుకుపోయి లోబు పాడవుతుంది. డిస్ట్రిబ్యూటర్ పెట్టేముందే దాని రంధ్రంలోంచి డ్రిల్లుతో ఆయిల్ పంపు తిప్పి, రాకర్ల (వాల్వులను నొక్కే మీటల) దాకా ఆయిల్ వచ్చేలా చూడండి. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు నింపి ఉంచండి. మొదటి తిప్పుకే అందుకోవాలి.

ట్యాపెట్ సర్దడం సులువే. ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోవడం మొదలవగానే దాని ఇన్‌టేక్ రాకర్ సర్దండి. ఇన్‌టేక్ పూర్తిగా తెరుచుకుని, ఇక మూసుకోబోతుండగా ఎగ్జాస్ట్ రాకర్ సర్దండి. పుష్‌రాడ్ పైకీ కిందికీ ఆడటం ఆగిన చోటి నుంచి నట్టు అర చుట్టు, అంతే. ఆ స్టడ్‌కు అంగుళానికి 24 మరలు, అంటే అర చుట్టుకు 0.021 అంగుళం.

ఇంజిన్ అందుకున్న క్షణం నుంచి 2,000–2,500 మధ్య అటూ ఇటూ మారుస్తూ 20–30 నిమిషాలు. ఐడ్లింగ్‌కు వదలకూడదు. లోబుకు ఆయిల్ అందేది క్రాంక్ చిమ్మే తుంపర్ల నుంచి, ఐడ్లింగ్‌లో అవి చాలవు. పైగా లోబు రవ్వంత ఏటవాలుగా, ట్యాపెట్ అడుగు రవ్వంత ఉబ్బుగా ఉంటాయి, ట్యాపెట్ తన చుట్టూ తాను తిరగాలని. మొదట్లో తిరగని ట్యాపెట్ ఇక తిరగదు, తొలుచుకుపోతుంది. వేడెక్కినా, ఎక్కడైనా కారినా ఆపేసి బాగుచేసి, మళ్లీ అదే ఆర్పీఎంతో మిగిలిన సమయం పూర్తిచేయండి. ఆయిల్ సంగతి: ఇప్పటి ఎస్పీ రకం 5డబ్ల్యూ-30లో భాస్వరం 0.08 శాతానికి మించకూడదన్నది నియమం. కెటలిటిక్ కన్వర్టర్ కోసం అది మంచిదే, ఫ్లాట్ ట్యాపెట్‌కు చాలదు. జింకు ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ 5 క్వార్టులు పోయండి. ఆ అరగంట అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పి చూడండి. మెరిసే ఇనుప రజను చిటికెడు ఉంటే మామూలే, చెంచాడు ఉంటే లోబు పోయింది.

స్పార్క్ టైమింగ్ ఐడ్లింగ్‌లో 12 డిగ్రీలు, 3,000 దగ్గర మొత్తం 34–36. టెక్సస్‌లో పొగ పరీక్ష 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోలు బళ్లకే కాబట్టి మీకు ఆ బెడద లేదు.

ప్రశ్న: 2008 జిప్సీ కింగ్, 1.3 ఎంపీఎఫ్ఐ. 30 అంగుళాల టైర్లు వేశాక ఘాట్‌లో లాగడం లేదు. పెర్ఫార్మెన్స్ కామ్ వేస్తే సరిపోతుందని మెకానిక్ గారు అంటున్నారు.
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: జబ్బు టైర్లది, మందు కామ్‌కు వేస్తే ఎలా? కంపెనీ టైరు 205/70 ఆర్15, ఎత్తు 668 మి.మీ. మీది 762 మి.మీ. అంటే 14 శాతం పెద్దది. అదే వేగానికి ఇంజిన్ 12 శాతం తక్కువ తిరుగుతుంది. ఆ ఇంజిన్ గరిష్ఠ టార్క్ 103 ఎన్ఎం, అదీ 4,500 ఆర్పీఎం దగ్గర. ఘాట్ మలుపులో రెండో గేరులో మీరుండేది దానికి సగంలో. పెద్ద కామ్ ఆ టార్క్‌ను ఇంకా పైకి నెడుతుంది, కింద మిగిలిన కాస్తా పోతుంది. 215/75 ఆర్15కు వస్తే ఎత్తు 703 మి.మీ., తేడా 5 శాతమే, రాళ్లదారికీ చాలు. పెద్ద టైర్లే కావాలంటే డిఫరెన్షియల్‌లో క్రౌన్, పినియన్ మార్పించండి. ముందూ వెనకా రెండూ ఒకే నిష్పత్తి ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు మూలుగుతుంది. దానికంటే ముందు కంప్రెషన్ టెస్టు, క్లచ్, ట్యాపెట్ సందు చూపించండి. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారి ఉన్నా ఇలాగే లాగదు.

ప్రశ్న: ఎస్టీమ్ 2004, 85 హార్స్‌పవర్ ఇంజిన్. హెడర్ (ఎగ్జాస్ట్ గొట్టాల సెట్టు) వేయించాను, హెడ్ పోర్టులు నునుపు చేయించాను. పాత కామ్‌నే గ్రైండింగ్ చేయించి పెర్ఫార్మెన్స్ కామ్‌గా మార్చవచ్చని విన్నాను. బండి రోజూ తిరుగుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా రావాలి. సాధ్యమేనా?
– కె. ఆర్., రాజమహేంద్రవరం

జవాబు: సాధ్యమే, ఆశ చిన్నదైతే. గ్రైండింగ్‌లో లోబుకు మెటల్ కలపలేం, తీయగలం. అందుకని లోబు గుండ్రటి వెనక భాగాన్ని తగ్గిస్తారు. అక్కడ 0.8 మి.మీ. తీస్తే లిఫ్ట్ ఆమేరకు పెరిగినట్టు లెక్క. అప్పుడు రాకర్ కిందికి దిగుతుంది, ట్యాపెట్ స్క్రూను ఆ మేరకు లోపలికి తిప్పాలి. రాకర్ కోణం మారి, స్క్రూ మొన వాల్వ్ కాడ నడిమిని వదిలి ఒక పక్కను నొక్కుతుంది. కొన్నాళ్లకు గైడు ఒకవైపు అరిగి ఆయిల్ తాగడం మొదలవుతుంది. అందుకే 0.5–0.8 మి.మీ. లోపు ఆగమంటాం. డ్యూరేషన్ 1 మి.మీ. లిఫ్ట్ దగ్గర కొలిచి, కంపెనీ దానికంటే 8–12 డిగ్రీలు ఎక్కువ. అంతకు మించి ఎవరు ఆశపెట్టినా ఒప్పుకోకండి.

గట్టిదనం మరో సంగతి. పోత ఇనుప కామ్‌కు గట్టి పొర పైపైనే ఉంటుంది. ఆ పొర దాటి కోస్తే కింద మెత్తటి ఇనుము బయటపడి, కొద్ది వేల కిలోమీటర్లకే లోబు చదునవుతుంది. గ్రైండింగ్‌కు ముందూ తర్వాతా రాక్‌వెల్ కొలత తీయించి రాయించుకోండి, రెండూ దగ్గరగా ఉండాలి. ఆ తర్వాత ఫాస్ఫేట్ పూత వేయించండి. రాకర్ల ముఖాలు పాత లోబు ఆకారానికి అరిగి ఉంటాయి. కొత్త రాకర్లు వేయాలి, లేదా ముఖాలు గ్రైండ్ చేయించాలి. ఈ ఖర్చు అంచనాలో రాయని షాపు పని తెలిసిన షాపు కాదు.

బిగించేటప్పుడు సందులు కొలవడానికి బద్ధకించకండి. పిస్టన్ తల మీద వాల్వ్ గాడుల్లో మైనపు బంకమట్టి పెట్టి పైన నూనె రాసి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, ట్యాపెట్ సందు సర్ది, క్రాంక్‌ను పానాతో రెండు పూర్తి చుట్లు తిప్పండి. మధ్యలో ఎక్కడ పట్టేసినా బలవంతం చేయకండి. హెడ్ దింపి, మట్టిని బ్లేడుతో కోసి మందం కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. తగ్గకూడదు. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వ్ వేడికి సాగుతుంది, పైగా స్ప్రింగు తడబడితే వెనకనుంచి పిస్టన్ దాన్ని తరుముకొస్తుంది. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదాన్నొకటి తాకకుండా మొత్తం మీద 1 మి.మీ. పైన మిగలాలి. బెల్టు ఎలాగూ విప్పుతారు కాబట్టి కొత్త బెల్టు, టెన్షనర్, కామ్ ఆయిల్ సీలు అప్పుడే వేసేయండి.

ఇక పొల్యూషన్. ఈ ఇంజిన్ గాలిని నేరుగా కొలవదు, మానిఫోల్డ్ ఒత్తిడిని మ్యాప్ సెన్సర్‌తో చూసి పెట్రోలు లెక్క కడుతుంది. వాల్వులు కలిసి తెరుచుకునే సమయం పెరిగితే ఐడ్లింగ్‌లో వాక్యూమ్ పడిపోతుంది. బండి మీద బరువు పడిందనుకుని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన. మీ బండికి ఐడ్లింగ్‌లో పరిమితి కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం. పైన చెప్పిన చిన్న మార్పుకు కెటలిటిక్ కన్వర్టర్ బాగుంటే, ఆక్సిజన్ సెన్సర్ పనిచేస్తుంటే దాటవచ్చు. హెడర్ వేసినప్పుడు కన్వర్టర్ పీకేసి ఉంటే ముందు దాన్ని పెట్టించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు కాబట్టి, బీమా కంపెనీకీ ఆర్టీవోకూ ఏం చెప్పాలో పని మొదలుపెట్టకముందే ఆలోచించుకోవడం మంచిది.

ప్రశ్న: సింగిల్ కామ్ ఇంజిన్‌కు సర్దుబాటు పుల్లీ వేస్తే కామ్ మార్చినంత లాభం ఉంటుందా?
– ఎం. ఎల్., వరంగల్

జవాబు: ఉండదు, కానీ చవకలో ఉపయోగమే. కామ్‌ను ముందుకు జరిపితే ఇన్‌టేక్ త్వరగా మూసుకుని కింద లాగుడు పెరుగుతుంది, వెనక్కి జరిపితే పైన పెరుగుతుంది. ఒకే కామ్ కాబట్టి రెండు వాల్వులూ కలిసే జరుగుతాయి, లోబుల మధ్య కోణం మారదు. పుల్లీ మీద 2 డిగ్రీలంటే క్రాంక్ లెక్కలో 4 డిగ్రీలు, ఇది మరవకండి. 2 డిగ్రీలు ముందుకు పెట్టి వారం నడిపి చూడండి. బెల్టును ఒక పన్ను జరిపి ఇదే పని చేస్తామనేవాళ్లూ ఉన్నారు. పుల్లీకి 40 పళ్లుంటే ఒక పన్ను క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. అది సర్దుబాటు కాదు, ఇంజిన్‌కు హాని.

ప్రశ్న: 2013 స్విఫ్ట్ పెట్రోలు, వీవీటీ ఇంజిన్. కామ్ మార్చవచ్చా?
– ఎస్. పి., కర్నూలు

జవాబు: వద్దు. మీ ఇన్‌టేక్ కామ్‌ను ఈసీయూ నడుస్తుండగానే ముందుకూ వెనక్కూ జరుపుతోంది. పాత ఇంజిన్లలో కామ్ మార్చి తెచ్చుకునే లాభంలో కొంత మీకు కంపెనీ ముందే ఇచ్చేసింది. లోబు మారిస్తే ఆ లెక్కలన్నీ తిరగరాయాలి, పిస్టన్ సందు కూడా కామ్ పూర్తిగా ముందుకు జరిగిన స్థితిలో కొలవాలి. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టండి.

ప్రశ్న: 1999 కమారో, ఎల్ఎస్1 ఇంజిన్. ఎంత పెద్ద కామ్ వేయవచ్చు?
– ఆర్. జి., సాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: మీ రాష్ట్రంలో ముందు చూడాల్సింది డిగ్రీలు కాదు, కాలిఫోర్నియా గాలి బోర్డు ఇచ్చే ఈవో (ఎగ్జిక్యూటివ్ ఆర్డర్, అంటే ఆమోదం) నంబరు. మీ బండి ఏడాదికీ మోడల్‌కూ ఆ నంబరు లేని కామ్‌తో స్మాగ్ పరీక్షకు వెళ్లడం అనవసరపు తలనొప్పి. పాత పెట్రోలు బళ్లలో 1975, అంతకు ముందు మోడళ్లకే అక్కడ మినహాయింపు. పెద్ద కామ్ వేస్తే ఐడ్లింగ్ తడబాటును ఈసీయూ మిస్‌ఫైర్ అనుకుని పి0300 కోడ్ పెట్టి దీపం వెలిగిస్తుంది.

పెద్దది కావాలన్న తొందర ఉన్నవాళ్లు ఒక్కటి చూడాలి. 2002 కార్వెట్ జెడ్06లో 405 హార్స్‌పవర్ ఇచ్చిన ఎల్ఎస్6 కామ్ 0.050 దగ్గర 204/218 మాత్రమే, కోణం 117.5. లిఫ్ట్ మాత్రం 0.551/0.547. మంచి హెడ్లు, ఎక్కువ లిఫ్ట్, తక్కువ డ్యూరేషన్: రోజువారీ బండికి కంపెనీ ఇంజినీర్లే ఎంచుకున్న దారి ఇది. ఈవో ఉన్న వాటిలో దీనికి దగ్గరగా ఉన్నది వెతకండి. మీ స్ప్రింగులు 0.500 దాటితే పనికిరావు, తప్పక మార్చాలి. క్రాంక్ పుల్లీ బోల్టు ఒకసారి బిగిస్తే మళ్లీ వాడకూడదు, కొత్తది తెచ్చుకోండి. రాకర్లు తీశాక కామ్‌ను రెండు మూడు చుట్లు తిప్పితే ట్యాపెట్లు ప్లాస్టిక్ ట్రేల్లో పైనే నిలుస్తాయి. అయినా రెండు వైపులా పొడవాటి కడ్డీలు దూర్చి ఆపుకోండి, ఒక్కటి జారిందా హెడ్ దింపాల్సిందే.

ప్రశ్న: విప్పిన ఇంజిన్ నుంచి తీసిన ఫ్లాట్ ట్యాపెట్ కామ్, ట్యాపెట్లు చవకగా ఇస్తున్నారు. కొనవచ్చా?
– బి. టి., నెల్లూరు

జవాబు: ఏ ట్యాపెట్ ఏ లోబు మీదదో నంబర్లు వేసి ఉంచితే కొనండి, అదే వరసలో పెట్టండి. ఒక సంచిలో కలిపి పోసి ఇస్తే కామ్‌ను మాత్రం తీసుకుని కొత్త ట్యాపెట్లు కొనుక్కోండి. కొత్త ట్యాపెట్ పాత లోబు మీద ఇమిడిపోతుంది. పాత ట్యాపెట్ ఇంకో లోబు మీద ఇమడదు. కొనేముందు ప్రతి ట్యాపెట్ అడుగునూ ఉక్కు స్కేలు అంచు మీద పెట్టి వెలుతురులో చూడండి. నడుమ కొద్దిగా ఉబ్బు ఉండాలి. చదునుగా ఉన్నా, గుంట పడినా దాని లోబు కూడా పోయినట్టే.